ఏడు తలుపులు, నీలం ఎలుగుబంటి

నీలం ఎలుగుబంటి తల లారీలోంచి దిగినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. ఫైబర్‌తో చేసిన తల, నలుగురు పడితేగాని కదలలేదు. సాయంత్రం పూట టీవీలో వచ్చే కార్టూన్‌లో ఎలుగుబంటి అది. పిల్లలందరికీ తెలుసు, మా అమ్మాయికి మరీ తెలుసు. ఆ ఎలుగుబంటిని మా పార్కులో పెట్టుకునే హక్కులను మా ఓనరు ఒక కంపెనీ దగ్గర కొనుక్కొచ్చాడు.

"దిగమ్మా కిందికి, వచ్చి చూడు. ఇంక మన పార్కుని పట్టేవాళ్ళు యాడా ఉండరు" అన్నాడు.

నేను దిగలేదు. "ఈ అంచు అయిపోనీ అన్నా" అని రంగు వేస్తూనే ఉన్నాను. అంచు ఎప్పుడో అయిపోయింది. ఆయనకూ తెలుసు.

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే హైవే పక్కన ఉండేది ఆ పార్కు. గ్రానైటు రాళ్ళు కోసి సంపాదించిన మనిషి, ఇక రాళ్ళు చాలనుకుని, తొంభైల చివర్లో పెట్టాడు. ఒక జెయింట్ వీలు, గుద్దుకునే కార్లు, బుల్లి రైలు, నీళ్ళలో పడే జారుడుబల్ల. నేను చేరింది గోడల మీద బొమ్మలు వేసే పనికి. మాది మత్తిగిరి, మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పుట్టిల్లు తళి దగ్గర పల్లె. అక్కడ మా అమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జును చేటలకు, బుట్టలకు పూసేది. మెంతుల చేదుకు పురుగు పట్టదు. నేను అదే గుజ్జుతో మనుషుల ముఖాలు చేయడం నేర్చుకున్నాను. పార్కులో నేను గుజ్జు కలిపే మూల పక్కగా పోయేవాళ్ళు మెంతుల వాసనకు, "ఈడ వంట చేస్తా ఉండారా?" అని తొంగిచూసేవాళ్ళు.

గోడలకు రంగులు వేసీ వేసీ విసుగు పుట్టి, ఒకరోజు ఓనరు దగ్గరికి నేనే వెళ్ళాను. "నాకొక షెడ్డు ఇవ్వన్నా, ఒక ఆట తయారు చేస్తాను" అన్నాను. "దయ్యాల కొంపా?" అన్నాడు. ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఒకటి ఉంటుంది కదా, ఒక అస్థిపంజరం, ఒక ఎర్ర బల్బు, చీకట్లో మన కాలు పట్టుకునే మనిషి. నాకు అవంటే ఒళ్ళుమంట.

"కాదన్నా. మామూలు దయ్యాల కొంపలో దయ్యం మనల్ని భయపెడుతుంది. దీంట్లో టికెట్టు తీసుకున్నోళ్ళే దయ్యం" అన్నాను.

ఆ ఆలోచన నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. నేను పెళ్ళయి మత్తిగిరికి వచ్చిన కొత్తలో ఆ చుట్టుపక్కలంతా ఒక పుకారు లేచింది. ఒక ఆడదయ్యం ఇంటింటి తలుపు తట్టి, మనకు కావలసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందని, పలికామా అయిపోయామని. విరుగుడు కూడా పుకారే తెచ్చింది. తలుపు మీద 'నాళే బా' అని రాస్తే చాలు. కన్నడంలో రేపు రా అని అర్థం. దయ్యం అది చదువుకుని తిరిగి వెళ్ళిపోతుంది. మరునాడు వచ్చి మళ్ళీ చదువుకుంటుంది. మా వీధిలో కన్నడం వాళ్ళు, తమిళం వాళ్ళు, మేమూ కలిసి ఉంటాం కాబట్టి, దయ్యం ఏ భాష చదువుతుందని పెద్ద చర్చ జరిగింది. మా అత్త ఒక్కమాటలో తేల్చేసింది.

"అది ఏ బడికి పోయిందో నీకు తెల్సునా, నాకు తెల్సునా? మూడూ రాయి."

మూడూ రాశాను. మా తలుపు చూసి వీధంతా మూడు భాషల్లో రాసుకుంది. ఇంకో ఊళ్ళో దయ్యానికి ఒక భాష వస్తే సరిపోతుందేమో, మా దగ్గర మూడూ రావాల్సిందే.

అందరికీ ఆ దయ్యమంటే భయం. నాకు మాత్రం జాలి. కొత్త కోడలిని, ఎవరి తలుపు తట్టాలన్నా నాకే జంకు. రోజూ అంత దూరం వచ్చి, రాసింది నమ్మి, రేపటికి ఆశపడి తిరిగిపోయే ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చేది. ఈ మాట అప్పుడు ఎవరితోనైనా అంటే పిచ్చిదంటారని అనలేదు.

ఓనరు షెడ్డు ఇచ్చాడు. పడగొట్టిన ఇళ్ళ పాత తలుపులు ఏడు తెచ్చాను. మసక వెలుతురులో ఒక సందు, రెండు వైపులా తలుపులు. లోపలికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కటీ తడతారు. లోపల్నుంచి టేపులో గొంతు వస్తుంది. ఒక ముసలాయన దగ్గుతూ కన్నడంలో, ఒకామె చంటిబిడ్డను ఊరుకోబెడుతూ తమిళంలో, ఒకాయన అన్నం నోట్లో పెట్టుకుని తెలుగులో, అందరిదీ ఒకే మాట, రేపు రా. గొంతులన్నీ మా వీధివాళ్ళవే. ఆరు తలుపులూ అంతే, పైన రాసి ఉండేదీ ఆ మాటే. ఏడో తలుపు మీద ఏమీ రాసి ఉండదు. చెయ్యి పడగానే తెరుచుకుంటుంది. లోపల చాప మీద కాగితం గుజ్జుతో చేసిన అవ్వ కూర్చుని ఉంటుంది. "వచ్చినావా తల్లీ? ఎంత సేపాయ. తిన్నావా?" అంటుంది. ఆ గొంతు మా అత్తది. టేపు ముందు కూర్చోబెడితే మొదట నన్ను నాలుగు తిట్టి, తర్వాత ఈ మాట చెప్పింది. తిట్లు కోసేసి ఇది ఉంచుకున్నాను.

మొదలుపెట్టిన రోజు ఆదివారం. షెడ్డు ముఖం మీద నా చేత్తో మూడు భాషల్లో ఇంతింత అక్షరాలు రాశాను, రేపు రా అని. జనం బాగా వచ్చారు. వచ్చి, చదివి, వెనక్కి పోయారు. షెడ్డు మూసేశారని, రేపు తీస్తారని అనుకున్నారు! సాయంత్రం దాకా నేను లోపల టేపు దగ్గర కూర్చుని, ఎవరూ తట్టరేమని గోళ్ళు కొరుక్కుంటున్నాను.

ఓనరు వచ్చి బయట నిలబడి అరిచాడు. "రేపు రా అని నువ్వే రాస్తివి, ఈ పొద్దు జనం రాలేదంటే ఎట్లమ్మా? చెరిపెయ్ దాన్ని."

"చెరపను. చదవడం వచ్చిన దయ్యాలు కదా, అర్థం చేసుకుంటారు" అన్నాను. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. మరునాడు పొద్దున్నే షెడ్డు ముందు నిలబడి, గొంతు పోయేదాకా "తట్టండి, తట్టి చూడండి" అని కేకలు పెట్టాను. కృష్ణగిరి అవతల పోచంపల్లి నుంచి వచ్చిన ఒక కుటుంబం ముందురోజు రాత చూసి, హోసూరులో చుట్టాలింట్లో ఉండిపోయి, మళ్ళీ వచ్చింది. "రేపు రమ్మంటిరి, వచ్చినాము. ఇప్పుడన్నా తీస్తారా?" అని ఆ పెద్దాయన నన్ను నిలదీశాడు. వాళ్ళే నా మొదటి దయ్యాలు. ఆ పెద్దాయన భార్య చివరి తలుపు దగ్గర కొంగు కళ్ళకు అద్దుకుంటూ బయటికి వచ్చింది, "తిన్నాను లేమ్మా" అని ఆ బొమ్మకు జవాబు చెప్పి మరీ.

మూడేళ్ళు నడిచింది. ఆ తర్వాత ఎలుగుబంటి వచ్చింది.

నేను అబద్ధం చెప్పను. ఎలుగుబంటి మీద నాకు పగ లేదు. పిల్లలు దాన్ని చూసి ఎగిరి గంతేసేవాళ్ళు. మా అమ్మాయి దాని టోపీ కోసం రెండు రోజులు అన్నం మానేసింది. గేటు మీద దాని బొమ్మ పెట్టాక బెంగుళూరు బండ్లు ఆగడం మొదలైంది. కానీ దానితో పాటు ఒక లావుపాటి రూల్సు పుస్తకం వచ్చింది. దాని నీలం రంగు ఫలానా నీలమే అయి ఉండాలి. లోపలి మనిషి పిల్లల ఎదుట తల తీయకూడదు. ఎలుగుబంటి మాట్లాడకూడదు, చెయ్యి మాత్రం ఊపాలి, అదీ కుడిచెయ్యి. దాని పక్కన వేరే కథ బొమ్మలేవీ ఉండకూడదు. సొంత పార్కులో ఓనరు ఒక మేకు కొట్టాలన్నా కంపెనీకి ఫోను చేయాల్సి వచ్చింది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా అత్త తలకాయ ఊపింది. "ఎరువు సొమ్ము బరువు చేటు. ఊరికే అన్నారా పెద్దలు?"

నేను ఓనరుతో సామరస్యంగానే మాట్లాడాను. "ఎలుగుబంటిని గేటు కాడ పెట్టు, రైలు మీద పెట్టు. జనాన్ని పిలిచేది అది. ఇంటికి పోయి చెప్పుకునేది నా తలుపులు. రెండూ ఉండనీ."

"నీ దయ్యం ఈ చుట్టుపక్కల వాళ్ళకే తెల్సు. ఎలుగుబంటి లోకానికంతా తెల్సు."

"లోకమంతా ఉండేదాన్ని చూసేదానికి ఈడికెందుకు రావల్ల అన్నా?"

పొరుగింటి పుల్లకూర రుచి. కొనుక్కొచ్చిన ఎలుగుబంటి ముందు సొంత షెడ్డులోని అవ్వ ఆయన కంటికి ఆనలేదు.

కొన్నాళ్ళకు కంపెనీ మనిషి తనిఖీకి వచ్చాడు. చేతిలో ఫైలు, మర్యాదస్థుడు, కన్నడంలో మాట్లాడాడు. నా షెడ్డు తీసేయమంటాడని తయారుగా ఉన్నాను. ఆయన ఏడు తలుపులూ తట్టి, నవ్వుతూ బయటికి వచ్చాడు.

"చాలా బాగుందమ్మా. ఈ ఐడియా మేమే తీసుకుంటాం. మా అన్ని పార్కుల్లోనూ పెడతాం" అన్నాడు. ఓనరు ముఖం వెలిగిపోయింది. "ఒక్కటే మార్పు. చివరి తలుపు తెరిస్తే ఎలుగుబంటి ఉండాలి."

"ఎలుగుబంటి మాట్లాడదు కదా సార్."

"చెయ్యి ఊపుతుంది."

"తిన్నావా అని చెయ్యి ఊపి ఎట్లా అడుగుతారు సార్?"

ఆయన మళ్ళీ నవ్వాడు. తర్వాత కాగితం చూపించాడు. సంతకం పెడితే ఈ తలుపుల ఆట కంపెనీది. నేను ఇంకెక్కడా పెట్టకూడదు. ఇచ్చేది బాగానే ఇస్తామన్నాడు. నాకు భయం లేదని చెప్పను. ఆ సంవత్సరం మా ఆయన ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు. రేపు ఆయనకు పని పోతే నా జీతమే దిక్కు. పెన్ను నా చేతిలోకి వచ్చింది కూడా. ఎంత ఆలోచించినా, ఆ చివరి తలుపు వెనక నీలం చెయ్యి ఊగుతుంటే ఆ దయ్యం ఏం చేస్తుందో నా ఊహకు అందలేదు. అంత దూరం వచ్చింది దానికోసమా?

"ఇది అమ్మేదానికి నాది కాదు సార్. మా వీధంతా రాసుకున్న మాట ఇది. ఇంటింటికీ పోయి అడిగి రండి, వాళ్ళందరూ సరే అంటే పెడతాను సంతకం" అన్నాను.

తమాషా చేస్తున్నాననుకున్నాడు. పెన్ను బల్ల మీద పెట్టేశాక నమ్మాడు. ఓనరు ఎర్రబడ్డాడు. "నీకు తల తిరుగుతా ఉండాది. అట్లయితే నీ సామాను ఎత్తుకోని పో."

"తలుపులూ ఎత్తుకోని పోతాను."

"పుచ్చిపోయిన తలుపులు నాకెందుకు? పో!"

ఆ మాట ఆయన నోటినుంచి రావాలనే కాచుకుని ఉన్నాను. మర్నాడే టెంపో మాట్లాడుకుని ఏడు తలుపులు, అవ్వ, టేపు అన్నీ ఎక్కించాను. నా షెడ్డుకు నీలం రంగు కొట్టారు. ఎలుగుబంటి ఇల్లు అని బోర్డు పెట్టారు. జనం వచ్చారు, బాగానే వచ్చారు. పంతానికి పోయి రాలేదని రాయను.

ఆ ఎండాకాలం, మామిడికాయల రోజుల్లో, కృష్ణగిరి ఎగ్జిబిషన్‌లో ఒక రేకుల కొట్టు సంపాదించాను. ఒక పక్క పెద్దప్పడాలు, ఇంకో పక్క చెక్కల బావిలో గిరగిరా తిరిగే మోటారుసైకిలు ఆట. అక్కడ ఎటు చూసినా ఎలుగుబంటే, ఏ కంపెనీనీ అడక్కుండా! బెలూన్ల మీద ఎలుగుబంటి, ఐసు బండి మీద ఎలుగుబంటి, నీలం అయిపోయిందేమో ఒకచోట ఆకుపచ్చ ఎలుగుబంటి. మధ్యలో నేను, నా మొండితనం. మొదటి రోజు పదిమంది కూడా రాలేదు. మోటారుసైకిలు మోతకు నా టేపు వినబడలేదు. రెండో రోజు ఆ మోత ఆగే సందు చూసుకుని మనుషుల్ని లోపలికి పంపడం నేర్చుకున్నాను.

మూడో రోజు ఒకామె కూతుర్ని చంకనేసుకుని లోపలికి పోయింది. పల్లె మనిషి, చేతినిండా మట్టిగాజులు. బయటికి వచ్చి, వెంటనే మళ్ళీ వరుసలో నిలబడింది. రెండోసారి వచ్చాక నా దగ్గరికి వచ్చింది.

"ఏమక్కా, ఇది ఏ టీవీలో వస్తాది? ఇంట్లో మా అమ్మకి చూపిస్తాను" అంది.

"ఏ టీవీలోనూ రాదమ్మా. చూడల్లంటే మీ అమ్మని ఈడికే పిలుచుకోని రావల్ల" అన్నాను.