ఉడికిన విత్తనం

మా చిన్నప్పుడు ఆర్మూర్ చుట్టుపక్కల మనిషికి ధ్యాస నిలవకపోతే దానికి జబ్బు పేరేదీ ఉండేది కాదు, తిట్లు మాత్రం ఉండేవి. మా అన్న అవన్నీ తిన్నాడు. చదువు సాగలేదు (అక్షరాలు కళ్ల ముందు తారుమారయ్యేవని చాలా ఏళ్లకు తెలిసింది). బావి దగ్గరికి పంపితే బస్టాండులో దొరికేవాడు. అయినా నాయిన నోట ఒక్క మంచి మాట వినాలని అన్నకు ఎంత ఆశో నాకు తెలుసు.

ఒక ఏడు పసుపు తవ్వకం అయిపోయి, ఎండబెట్టే ముందు దాన్ని ఉడికించే వేళకు నాయిన నిజామాబాద్ పోతూ ఒక్క గుక్కలో చెప్పాడు: "కళ్లంల కుప్ప ఉడికియ్యి, ఆకులు గప్పి కొట్టంలున్నది విత్తనం, దాన్ని ముట్టకు, ఎడ్లకు నీళ్లు పెట్టు." అన్న తలూపాడు. ఆ మాటల్లో అన్న తలలో మిగిలినవి కొట్టం, ఉడికించడం, ఎడ్లు. ఆ రోజు మాత్రం కడాయి దగ్గర నుంచి కదల్లేదు. నేను పక్కనే పుస్తకం చదువుతూ కూర్చున్నాను (మా ఇంట్లో ధ్యాస ఉన్నవాడినని పేరు నాదే).

సాయంత్రం నాయిన వచ్చి ఒక పసుపు కొమ్ములో ఈనెపుల్ల గుచ్చి చూశాడు. మెత్తగా దిగింది. "శబాష్ బిడ్డా! గిట్ల ఉడికిచ్చెటోన్ని ఆర్మూర్ల చూడలే." అన్న ముఖం అంతగా వెలగడం నేను మళ్లీ చూడలేదు. అప్పుడు నాయిన కళ్లం దిక్కు తిరిగాడు.

"మరి గీ కుప్పేందిరా?"

"గది గూడ ఉడికియ్యాల్నా నాయినా? కొట్టంలది ఆకులు తీసి, కడిగి మరీ ఉడికిచ్చిన. ఎడ్లకు నీళ్లు గూడ పెట్టిన."

ఉడికిన పసుపు మొలకెత్తదు. వచ్చే ఏటి విత్తనమంతా కడాయిలో పోయింది. నాయిన కడాయి పక్కన కూలబడి, "ఎడ్లను ఉడికియ్యలే, గదే సంతోషం" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నాయిన బతికున్నన్నాళ్లూ అన్నను కడాయి దగ్గరికి రానివ్వలేదు.

నడివయసులో అన్న అన్నం మాని గోడ దిక్కు తిరిగి పడుకోవడం మొదలుపెడితే, నిజామాబాద్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. "ఏకాగ్రత లోపం ఈయనకు చిన్నప్పటి నుంచే ఉంది. చదవడంలో ఇబ్బంది దానికి తోడు. ఇన్నేళ్లలో దిగులు కూడా వచ్చి చేరింది. ఒక్కదాన్నే చూస్తే సరిపోదు, మూడింటినీ చూడాలి" అన్నాడాయన.

"అంటే నేను సోమరిని కాదా సార్?"

"కాదు."

అన్న లేచి గబగబా బయటికి నడిచాడు. బస్సెక్కాక చూస్తే ఆయన కాళ్లకు ఎవరివో చెప్పులు.

మరిచిపోకూడనిది కంటికి కనబడేలా గుర్తు పెట్టుకొమ్మని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి అన్న ఏటా విత్తనం కుప్ప మీద కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవాడు. "నాయిన నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే తమ్మీ. గది గూడ విత్తనం ఉడికిచ్చినంక" అని నవ్వేవాడు.

పోయిన వానాకాలం అన్న పోయాడు. ఈ ఏడు విత్తనానికి ఆకులు నేనే కప్పి, కర్ర పాతి, ఎర్రగుడ్డ కట్టాను. ముడి ఊడుతుందేమోనని వెనక్కి వచ్చి మళ్లీ బిగించాను. ఈ తెల్లజుట్టు మనిషి ఎవరికోసం ఇంత జాగ్రత్త పడుతున్నాడా అని నాకే నవ్వొచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు విత్తనం ఉడికించే మనిషి లేడు.