తుఫానును ఊదిన మేడంగారు

ఝాన్సీలక్ష్మి మచిలీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పేరుకు తగ్గ యుద్ధమేదీ ఆమె జీవితంలో జరగలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలు ప్రశ్నలు అడుగుతారని చాలా ఆశపడింది. అడిగారు కూడా. అయితే ఏ ఏడు చూసినా అడిగింది ఒకటే: "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" వస్తుందంటే రాసుకునేవారు. రాదంటే కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఆమెకేమో పరీక్షలో రాని సంగతులంటేనే ఇష్టం. ఒకరోజు వంట చేస్తూ, సముద్రంలో ఉన్న చేపలన్నిటినీ ఒక్కసారిగా ఒడ్డుకు లాగేస్తే నీళ్ళు ఎంత తగ్గుతాయో లెక్క కట్టింది. వెంట్రుక మందమైనా తగ్గవని తేలింది. ఆ ఆశ్చర్యాన్ని భర్త శశిధర్‌తో పంచుకుంటే ఆయన శ్రద్ధగా విని, "ఇంతకీ పులుసులో ఉప్పు వేశావా?" అని అడిగాడు. వెయ్యలేదు. శశిధర్ మంచివాడే. బీమా ఆఫీసులో పని చేస్తాడు కనుక, జరగబోయే నష్టాల గురించే తప్ప జరగనివాటి గురించి ఆలోచించే అలవాటు ఆయనకు లేదు.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. అది వాయుగుండమై, బలపడి తుఫానుగా మారి బందరు వైపే వస్తోందని వార్తలు మొదలయ్యాయి. ఆ ఉదయం క్లాసులో భార్గవి లేచి నిలబడింది. ఆ అమ్మాయిది హంసలదీవి. తండ్రి శ్రీహరికి సొంత పడవ ఉంది.

"మేడం, భూమ్మీదున్న మనుషులందరం బీచ్‌లో నిలబడి ఒకేసారి ఊదితే తుఫాను వెనక్కి వెళ్తుందా?"

క్లాసంతా నవ్వింది. ఝాన్సీలక్ష్మి నవ్వలేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టనిపించింది. బోర్డు మీదున్న పాఠం మొత్తం తుడిచేసింది.

"బాగా అడిగావమ్మా. భూమ్మీదున్న మనుషులందరం ఒడ్డున నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా ఊదామనుకోండి. అప్పుడు తుఫాను..." అంటూ సుద్దముక్క అందుకుంది. ఎంత గట్టిగా ఊదినా ఒక మనిషి ఊపిరికుండే బలం చిన్న టార్చిలైటు వెలిగేంత. ఎనిమిది వందల కోట్ల మందిది కలిపినా తుఫాను గాలి బలంలో వందో వంతు రాదు. "పైగా మన ఊపిరి వెచ్చగా, తడిగా ఉంటుంది. తుఫాను బతికేదే వెచ్చటి తడిగాలి మీద. అంటే మనం దాన్ని తరమడం లేదు, కూర్చోబెట్టి భోజనం పెడుతున్నాం."

ఆ పూట ఎవరూ కిటికీ వైపు చూడలేదు.

కాలేజీలో ఫోన్లు నిషేధం. అందుకని భార్గవి ఆ పాఠాన్ని దొంగచాటుగా రికార్డు చేసుకుంది. తుఫాను సెలవులిచ్చాక ఊరికెళ్ళి, గర్వంగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. స్టేటస్‌లో పట్టినంత ముక్కే పట్టింది. అది "అప్పుడు తుఫాను..." దగ్గర ఆగిపోయింది. తర్వాతి ముక్క ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు. బందరు ఫిజిక్స్ మేడంగారు తుఫానును వెనక్కి పంపే ఉపాయం చెప్పారని తెల్లారేసరికి దివిసీమంతా తెలిసిపోయింది.

భార్గవి ఫోన్ చేసింది. "మేడం, అధికారులు బస్సులు తెచ్చి అవనిగడ్డ షెల్టర్‌కి రమ్మంటున్నారు. మావాళ్ళు ఎక్కట్లేదు. ఒడ్డుకెళ్ళి ఊదుతామంటున్నారు."

"మిగతాది నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను మేడం. ఫిజిక్స్‌లో నీకెన్ని మార్కులొచ్చాయని నాన్న అడిగాడు."

ఝాన్సీలక్ష్మి చీర కొంగు బిగించింది. శశిధర్ కారు తీశాడు. చల్లపల్లి దాటాక ఆయనకొక సందేహం వచ్చింది. "ఊదితే పోదని ఫోన్లో చెప్పేస్తే సరిపోయేదిగా?"

"ఫోన్లో వినబట్టేనండీ ఇదంతా."

హంసలదీవిలో బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం ముసలివాళ్ళు మూటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనకటి దివిసీమ ఉప్పెనను కళ్ళారా చూసిన వాళ్ళు ఎవరూ పిలవకముందే ఎక్కేశారు. కిటికీ దగ్గరున్న ఎల్లమ్మ, కారు దిగిన ఝాన్సీలక్ష్మిని చూసి, "నువ్వేనా అమ్మా ఊదమన్నది?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధించింది.

ఉప్పెన చూడనివాళ్ళంతా ఒడ్డున ఉన్నారు. శంఖాలు తెచ్చారు, పెళ్ళిబూరలు తెచ్చారు. ఒకాయన సైకిల్ పంపు తెచ్చాడు. శ్రీహరి అందర్నీ ఒడ్డు పొడుగునా వరసల్లో నిలబెడుతున్నాడు. ఆమెను చూడగానే ముఖం విప్పారింది. "మేడంగారొచ్చారు, దారివ్వండి."

ఆమె గొంతెత్తి చెప్పింది. "ఊదితే తుఫాను వెళ్ళదండీ. దయచేసి బస్సులెక్కండి."

"వీడియోలో మీరే చెప్పారు కదండీ?" అన్నాడు శ్రీహరి.

"అందులో సగమే ఉంది. మిగతా సగం ఇది."

శ్రీహరి బస్సుల దగ్గరున్న అధికారుల వైపు చూశాడు. "ఆ సగం మీ అంతట మీరు చెప్పారండి. ఈ సగం అధికారులు చెప్పిస్తున్నారు."

జనం తలలూపారు. ఆమె వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసింది. నీళ్ళు బురద రంగులో ఉబ్బి, మడచెట్ల మొదళ్ళను ముంచేస్తున్నాయి. ఏళ్ళ తరబడి పిల్లలకు నిజమే చెప్పింది. ఎవరూ వినలేదు. ఈరోజు ఇంతమంది చెవులొగ్గి నిలబడ్డారు, నిజమొక్కటి తప్ప ఏం చెప్పినా వినడానికి సిద్ధంగా.

"సరే, ఊదుదాం" అంది ఝాన్సీలక్ష్మి. "కానీ ఇక్కడ కాదు. ఎదురుగాలిలో ఊదితే మన ఊపిరి మన మొహానికే కొడుతుంది."

కొందరు ఊది చూశారు. కళ్ళల్లో ఇసుక పడింది. నిజమేనన్నారు.

"అవనిగడ్డ షెల్టర్‌లో, గట్టి గోడల మధ్య, తలుపులు మూసుకుని ఊదాలి. అప్పుడే బలం వస్తుంది."

మొదట చెప్పింది ఫిజిక్స్. తర్వాత చెప్పింది కాదు. గుంపులో ఉన్న భార్గవి నోరు తెరిచింది. "తలుపులు మూస్తేనా మేడం?"

"మూస్తేనే" అంది ఆమె, అమ్మాయి కళ్ళల్లోకి చూడకుండా.

బస్సులు నిండాయి. సైకిల్ పంపు ఆయనకు ముందు సీటిచ్చారు. షెల్టర్‌లో శ్రీహరి చెయ్యి ఊపినప్పుడల్లా అందరూ ఊదారు. ముందు వరసలో నిలబెట్టినందువల్ల ఝాన్సీలక్ష్మికీ ఊదక తప్పలేదు. శశిధర్ అయితే బుగ్గలు ఎర్రబడేదాకా, చాలా నిజాయితీగా ఊదాడు.

తుఫాను సముద్రంలోనే దిశ మార్చుకుని, బలహీనపడి, ఎక్కడో ఉత్తరాన తీరం దాటింది. అలా జరగవచ్చని వాతావరణ శాఖ ముందే ఒక మాట అని ఉంచింది. దాన్ని ఎవరూ స్టేటస్ పెట్టుకోలేదు.

నెల తిరక్కుండా హంసలదీవిలో సన్మానం జరిగింది. బుగ్గలు ఉబ్బించి ఉన్న ఆమె ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. కాలేజీ యజమాని చలపతిరావుగారు, సిలబస్ దాటి పాఠం చెప్పినందుకు మెమో ఇద్దామనుకున్నవారు, ఫ్లెక్సీ సంగతి తెలిశాక మనసు మార్చుకుని వేదిక మీద ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు. శాలువా కప్పాక మైకు ఆమెకిచ్చారు.

ఝాన్సీలక్ష్మి ఉన్నదున్నట్టు చెప్పింది. టార్చిలైటు దగ్గర్నుంచి వందో వంతు దాకా వివరించింది. "తుఫాను మనం ఊదడం వల్ల పోలేదు. మిమ్మల్ని బస్సెక్కించడానికి అబద్ధం చెప్పాను. క్షమించండి. ఇంకోసారి అధికారులు పిలిస్తే, నేను రాకపోయినా వెళ్ళండి."

చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. శ్రీహరి మైకు అందుకున్నాడు. "చూశారా, చేసిన మంచి చెప్పుకోని మనిషి."

ఆమె వేదిక దిగి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని గబగబా కారు వైపు నడిచింది. దారిలో ఒక పెద్దాయన అడ్డొచ్చి నమస్కారం పెట్టాడు. పేరు బసవయ్య, ఉయ్యూరు పక్కన చెరుకు రైతు.

"అమ్మా, మీరు చెప్పిందంతా విన్నానండి. ఊదితే గాలి పోదు, సరే. ఎండాకాలంలో మనుషులందరం కలిసి లోపలికి పీలిస్తే సముద్రం మీది మబ్బులు ఇటు వస్తాయా?"

రావని చెప్పి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఆయన ముఖంలో భక్తి లేదు. సందేహం ఉంది. శాలువా కారు బానెట్ మీద పెట్టి, నిలబడి వివరంగా చెప్పింది. పీల్చిన గాలిని మళ్ళీ వదలకుండా ఎవరూ ఉండలేరని, పీల్చడానికీ వదలడానికీ చెల్లుకు చెల్లు అయిపోతుందని.

బసవయ్య ఓపిగ్గా చివరిదాకా విన్నాడు. తల గోక్కున్నాడు.

"పోనీ, సగంమంది పీల్చేటప్పుడు సగంమంది వదిలితేనండీ?"

శశిధర్ హారన్ కొట్టాడు. ఝాన్సీలక్ష్మి వినిపించుకోలేదు. "ఆ సగంమందిని ఎక్కడ నిలబెడదామంటారు?" అని అడుగుతోంది.