వాగుకు ఇవతల ఒక రాత్రి: జనగామ, మానుకోట, భూపాలపల్లి

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. జనగామలో భూగోళశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతున్న నన్ను యూనివర్సిటీ వాళ్లు పట్టుకుని, డిగ్రీ కాలేజీల అధ్యాపకులకు శిక్షణ ఇవ్వమన్నారు. వడగాలి, కరువు, వరద వచ్చేముందు ఎలా సిద్ధపడాలి, వచ్చాక ఎలా తట్టుకోవాలి అన్నవి వాళ్లకు నేర్పితే, వాళ్లు తమ విద్యార్థులకు నేర్పుతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఒక్కో చోట ఒక్కో రోజు. పని మంచిదే. చిక్కల్లా మా మిన్నుతోనే. నాలుగేళ్ల పిల్ల, నా చెవి తమ్మె పట్టుకుంటే తప్ప నిద్రపోదు. ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా నన్ను విడిచి ఉండలేదు. "రెండే రాత్రులు నాన్న దగ్గర పడుకో, మూడో రాత్రికి వచ్చేస్తా" అని మాటిచ్చాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని సరేనంది.

జనగామలో మొదటి రోజు తేలిగ్గానే గడిచింది. వరద గురించి మొదలుపెట్టగానే లింగాల ఘనపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద లెక్చరర్ లేచి, "మాకు వరద ఏడికెల్లి వస్తది మేడం? బోర్లళ్ల నీళ్లే వస్తలేవు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యాహ్నం నుంచి ఎండదెబ్బ, నీటి పొదుపు మీదకు మళ్లాం. సాయంత్రం ఇంటికి వెళితే మళ్లీ బయటికి రాలేనని తెలుసు కాబట్టి నేరుగా స్టేషన్‌కు పోయాను. జనగామ నుంచి మహబూబాబాద్‌కు ఎక్స్‌ప్రెస్ రైలైతే రెండు గంటలు పడుతుంది. జనరల్ టికెట్‌కు వంద రూపాయలు కూడా కావు. స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది ఎనిమిది వందలు. ఆ రాత్రి ఫోన్‌లో మిన్ను ఏడవలేదు. "నాయిన చెవి గరుకుగ ఉన్నదమ్మా" అని మాత్రం ఫిర్యాదు చేసింది. ఫోన్ పెట్టేశాక నా చెవి నేనే తడుముకున్నాను. పిల్ల లేని పక్క ఇంత వెడల్పుగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

మహబూబాబాద్‌ను అక్కడివాళ్లు మానుకోట అనే అంటారు. బస్ కండక్టర్‌ను మానుకోట అని అడగండి, వెంటనే పలుకుతాడు. అక్కడి శిక్షణలో నాకు బాగా ఇష్టమైన ఆట ఒకటి ఆడించాను. పది నిమిషాల్లో ఇల్లు వదలాలంటే సంచిలో ఏం పెట్టుకుంటారో రాయాలి. ధ్రువపత్రాలు, మందులు, టార్చి, మంచినీళ్లు అని నేను ఆశించాను. పెద్దవంగర నుంచి వచ్చిన ఒకావిడ మామిడికాయ తొక్కు జాడీ అని రాసి, "జాడీ పలిగిందంటే మా అత్త నన్ను వరదల్నే ఇడిసిపెడ్తది మేడం" అంది. హాలంతా ఘొల్లుమంది. నవ్వుతూనే ఆ రోజంతా మూడుసార్లు గడియారం చూసుకున్నాను. మిన్ను అంగన్‌వాడీ నుంచి వచ్చే వేళ, అన్నం తినే వేళ, నన్ను అడిగే వేళ. సాయంత్రం రైలులో వరంగల్ చేరి, ఆటోలో హనుమకొండ బస్టాండు వైపు వెళ్లి ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో దిగాను.

హనుమకొండ నుంచి భూపాలపల్లికి పరకాల మీదుగా తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి. రెండు గంటల ప్రయాణం. ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ ఉచితమే, ఆధార్ కార్డు మాత్రం మరవొద్దు. ముసురు పట్టిన పొద్దు. పరకాల దాటాక బొగ్గు లారీలు ఎదురవుతుంటే, ఊరు దగ్గరపడిందని పక్క సీటావిడ చెప్పింది.

భూపాలపల్లి హాలులో ఎవరూ వరదంటే నవ్వలేదు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటకూడదు, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనబడదు అని బొమ్మలు చూపిస్తూ చెబుతున్నాను. వెనక వరుస నుంచి సరిత అనే వృక్షశాస్త్రం లెక్చరర్ చెయ్యెత్తింది. నా వయసే ఉంటుంది.

"అవతల మనోళ్లుంటే ఏం చెయ్యాలె మేడం?"

"ఎవరున్నా సరే, ఇవతలే ఆగాలి. అంతే" అని చిటికెలో జవాబు చెప్పి తరువాతి బొమ్మకు పోయాను. ఆమె ఇంకేదో అడగబోయి కూర్చుంది.

మూడింటికి శిక్షణ ముగిసింది. తన విద్యార్థులతో ఊళ్లో ప్రమాదమున్న చోట్ల పటం గీయించాలనుకుంటున్నానని, అందుకు తన తల్లిగారి ఊరు ఒకసారి చూసిపొమ్మని సరిత అడిగింది. పోనూ రానూ కారు పన్నెండు వందలు. గంటన్నరలో తిరిగొస్తే ఆరింటి బస్సు పట్టుకుని పడుకునే వేళకు మిన్ను పక్కన ఉండొచ్చు. సరేనన్నాను. దారిలో ఒక వాగు, దాని మీద నీళ్లకు కొద్ది ఎత్తులోనే ఒక చిన్న వంతెన. వెళ్లేటప్పుడు నీళ్లు వంతెన కిందే ఉన్నాయి. ఊళ్లో స్కూలు ఎత్తుగా ఉందని, పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు అక్కడికే చేరాలని గుర్తులు పెట్టుకున్నాం. మేం ఉన్నంతసేపూ అక్కడ చినుకు కూడా పడలేదు. కానీ ఎగువన ఎక్కడో కురిసినట్టుంది. తిరిగి వచ్చేసరికి వంతెన మీంచి ఎర్రనీళ్లు పారుతున్నాయి.

డ్రైవర్ మల్లేశన్న కారు ఆపి తల బయటపెట్టి చూశాడు. "మోకాళ్ల లోతు గూడ లేదు మేడం. జర మెల్లగ పోతే దాటుతం. మీ బస్సు గూడ అందుతది."

మూడు ఊళ్లలో నేను చెప్పిన పాఠం నాకు కంఠతా వచ్చు. అయినా నా నోట వచ్చిన మాట, "నిజంగా పోతదా అన్నా?" అని. ఆ క్షణంలో నాకు నీళ్లు కనబడలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టిన పిల్లే కనబడింది.

సరిత తలుపు తీసుకుని దిగిపోయింది. "మీరు పోతే పోండ్రి మేడం. నేను రాను" అంది. నేనూ దిగాను. ఆమె వాగు వైపు చూడకుండా, నా వైపు తిరిగి చెప్పింది. "మా ఆయన గీ వాగుకు అవతల ఉండె. బిడ్డకు జరం అని నేనే ఫోన్ చేసిన. నీళ్లు వస్తున్నయి, చూస్త అన్నడు. జల్ది రా అన్న. ఆగు అని ఒక్క మాట అనలే. ఆయనకు ఈత వచ్చు, బైకు వచ్చు, అన్నీ వచ్చు. ఆగుమని చెప్పెటోళ్లే లేకుండె. పొద్దుగాల హాల్ల గిదే అడుగుదామనుకున్న మేడం, ఇవతల ఉన్నోళ్లకు చెప్తున్నరు, అవతల ఎదురు చూసెటోళ్లకు ఎవలు చెప్పాలె అని."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మల్లేశన్న కారు వెనక్కి తిప్పాడు.

ఊళ్లోకి తిరిగి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నేను ఏమీ చెప్పకముందే మా ఆయన, "ఎక్కడిదాక వచ్చినవ్? మిన్ను పొద్దటి సంది వాకిట్లనే కూసున్నది, ఎట్లన్న జల్ది రా" అన్నాడు. అచ్చం అదే మాట.

"వాగు పారుతున్నది. నన్ను ఆగమని చెప్పు" అన్నాను.

"ఏందే?"

"నోటితో చెప్పు. ఆగు అను."

"ఆగు. ఆడనే ఉండు. మేం బాగనే ఉన్నం" అన్నాడు. తరువాత మిన్ను ఏడుపు. అది ఆగేదాకా విన్నాను. వింటుంటే కన్నీళ్లొచ్చాయి, దాచుకోలేదు. సరిత వాళ్ల అమ్మ కంచంలో జొన్నరొట్టె పెట్టి, "ఏడ్వకు బిడ్డా. వాగు ఎన్ని దినాలుంటది, పొద్దుగాల్లకు తగ్గుతది. బుక్కెడు తిను" అంది. ఆ రాత్రి సరిత పక్కనే పడుకున్నాను. అవతల ఉన్నవాళ్ల కోసం ఇవతల ఆగడం ఎంత బరువో, అది చిటికెలో చెప్పే జవాబు కాదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు నీళ్లు వంతెన కిందికి దిగాయి. మధ్యలో రోడ్డు ఒక పక్క కోసుకుపోయి ఉంది, కారు ఇవతలే వదిలి నడిచి దాటాం. మల్లేశన్న ఆ గుంత వైపు చూసి చేతులు జోడించాడు, ఎవరికో తెలియదు. మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. మిన్ను నా ఒళ్లోకి ఎక్కి చెవి పట్టుకుని పట్టపగలే నిద్రపోయింది. కదిలితే లేస్తుందని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాను. అక్కడ ఇంకో పిల్ల, సరిత బిడ్డ, ఇలా పట్టుకోవడానికి నాన్న చెవి లేకుండా పెరుగుతోందన్న సంగతి నన్ను విడిచిపోలేదు. నా శిక్షణలో ఇప్పుడు చివరి పని మారింది. హాలులోని అందరూ అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేసి, నీళ్లుంటే ఆగమని చెప్పించుకోవాలి. సరిత తన కాలేజీలో విద్యార్థులందరితోనూ అదే చేయిస్తోంది.

వానాకాలంలో ఇటువైపు వచ్చేవాళ్లకు ఒక్క సలహా. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు ఎలాగూ పెట్టుకోండి. కానీ ఫలానా వేళకు వస్తానని మాటివ్వకండి. వాగు తగ్గితే వస్తానని చెప్పి, ఇంట్లో ఎదురు చూసేవాళ్ల నోటితో "నీళ్లుంటే ఆగు" అనిపించుకున్నాకే గడప దాటండి.