నిండు తొట్టిలో బిషిర్

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా కోడు కన్నా పాతది ఒక్క నేనే. కుర్రాళ్లు నన్ను ముద్దుగా ‘శిలాజం’ అంటారు. అలాంటి నాకు మూసాపేటలో అక్వేరియం దుకాణంలో బిషిర్ చేప కనబడగానే తోబుట్టువును చూసినట్టయింది. వీపు మీద బుల్లి తెరచాపల వరుస, ఒంటి నిండా రాళ్లలో దొరికే పురాతన చేపలకున్నట్టే గట్టి పొలుసులు. డైనోసార్లు పుట్టకముందే మిగతా చేపల నుంచి వేరుపడిన వంశం. అవి పోయాయి, ఇది మాదాపూర్‌లో మా ఇంటి దాకా వచ్చింది.

మాతోనే ఉండే మా అత్తగారిది గోపన్‌పల్లి. నేను పొలుసుల గురించి చెబుతుంటే ఆవిడ పులుసు గురించి ఆలోచించేవారు. కానీ వారం తిరిగేసరికి దానికి మేత వేసే పని ఎవరికీ వదల్లేదు. నేను ఆఫీసు నుంచి రాగానే, “నీ చుట్టం తిన్నది, ఇగ నువ్వు తిను” అనేవారు.

ఒక శుక్రవారం ఇంటి నుంచే పని చేస్తుండగా కరెంటు పోయింది. తొట్టిలో బుడగల మోటారు ఆగింది. వెళ్లి చూద్దును గదా, నీళ్లు అంచు దాకా ఉన్నాయి, పైన అద్దం మూత బిగించి ఉంది. బిషిర్ ఆ మూతకు ముక్కు కొట్టుకుంటోంది.

“అత్తయ్యా, ఇన్ని నీళ్లు ఎవరు పోశారండి?”

“నేనే. ఈశాన్యం మూలకు శుక్రవారం నాడు వెలితి ఉంచుతరా?”

“ఇది పైకొచ్చి గాలి పీల్చుకోవాలండి. దీనికి ఊపిరితిత్తులున్నాయి.”

“చేపకు ఊపిరితిత్తులేంది?”

మూత తీసి, మగ్గుతో నీళ్లు తోడుతూనే దాని పూర్వీకుల చరిత్ర మొదలుపెట్టాను.

“నీ పురాణం ఆపి జర జల్ది తియ్యి!” అంటూ ఆవిడ కూర గిన్నెతో దిగారు.

నీళ్లు నాలుగు వేళ్లు తగ్గాయి. చేప మాత్రం అడుగున కదలకుండా పడుంది. అత్తగారు నేల మీద కూలబడ్డారు.

“నా చేతులతోనే సంపితినా అల్లుడా?”

మగ్గు కింద పెట్టి నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి అది ముందు రెక్కల మీద లేచి, మెల్లగా పైకొచ్చి, నెత్తి నీటి పైకి పెట్టి, ఇంత గాలి పీల్చుకుని దిగింది. ఒక బుడగ వదిలింది.

“తాగింది! గాలి తాగింది!” అని ఆవిడ నా వీపు మీద ఒక్కటి చరిచారు.

ఈశాన్యం సంగతి కూడా ఆవిడే తేల్చారు. తొట్టిలో నాలుగు వేళ్ల వెలితి అలాగే ఉంచి, పక్కన రాగి చెంబు నిండా నీళ్లు పెట్టారు. ఇప్పుడు పొద్దున్నే తొట్టి ముందు కూర్చుంటారు. అది ఒకసారి పైకొచ్చి గాలి పీల్చుకున్నాకే ఆవిడ చాయ్ తాగుతారు. ఆ తర్వాతే నాకూ చాయ్.