తోడుకని వెళ్లిన సువర్ణమ్మ

వజ్రపుకొత్తూరు దగ్గర తమ ఊళ్లో సువర్ణమ్మకు గట్టి మనిషని పేరు. అరవై దాటినా ఆమె మందుబిళ్ల మింగగా చూసినవాళ్లు లేరు. జీడిపిక్కలేరే కాలం వస్తే ఇప్పటికీ తోటకు వెళ్లాల్సిందే. అందుకే భర్త కృపాదానం మోకాళ్లు పట్టేసి, కాశీబుగ్గలో ఫిజియోథెరపీ చేయించుకున్నప్పుడు ఆమెకు జాలితోపాటు కాస్త గర్వం కూడా కలిగింది.

కృపాదానానికి నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. అయినా ఫిజియో డాక్టరమ్మ సౌజన్య అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుని వెళ్లమంది. సువర్ణమ్మకు మాత్రం అది మింగుడుపడలేదు.

"నొప్పి లేదు, వాపు లేదు. మరేటి సూపిత్తావు మావా?" అంది ఓ ఉదయం అతను చొక్కా తొడుక్కుంటుంటే.

"బాగున్నప్పుడు సూపిత్తేనే గదే, ఎక్కడ బిగుసుకుంతందో ముందుగా తెలిసేది! నువ్వూ రా, తోడుంటావు. బజార్లో ఏడేడి బజ్జీలు తినిపిత్తాను."

బజ్జీల మాట బాగానే పనిచేసింది. ఇద్దరూ ఆటో ఎక్కారు.

సౌజన్య అతన్ని నడిపించింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. తర్వాత చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, ఊతం లేకుండా కుర్చీలోంచి లేవమంది. కృపాదానం బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా చక్కగా లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. బల్ల మీద కూర్చున్న సువర్ణమ్మ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇదేటమ్మా, సిన్నపిల్లల ఆటలు!"

"అయితే మీరూ ఓసారి ఆడండమ్మా," అంది సౌజన్య.

సువర్ణమ్మ ఠీవిగా వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతులు కట్టుకుంది. ముందుకు వంగింది. లేవలేకపోయింది. ఊపిరి బిగబట్టి మళ్లీ ప్రయత్నించింది. ఆమెకు తెలియకుండానే చెయ్యి కుర్చీ అంచును పట్టేసుకుంది.

"ఆటో కుదుపులకి ఒళ్లు పట్టేసినట్టుంది," అంది చిన్నగా.

"ఇంట్లో కింద కూర్చుని లేవగలుగుతున్నారా?"

"ఎందుకు లెగలేను!"

అప్పుడు కృపాదానం మెల్లగా అడిగాడు. "మరి సర్చిలో కుర్సీ ఎందుకేసుకుంతన్నావే?"

సువర్ణమ్మ చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో, చాప మీద, స్నేహితురాలు వనజ పక్కన కూర్చునే మనిషి. ఏడాదిగా వెనక కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీకి మారింది. గాలి కోసమని అందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తనూ అదే నమ్మింది.

"బయమమ్మా," అంది చివరికి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాటకి అందరూ లెగిసి నిలబడిపోతే, నానొక్కదాన్నే కింద ఉండిపోతానేమోనని."

సౌజన్య ఆమె పక్కనే కూర్చుంది. "తొడల్లో బలం తగ్గింది, తుంటి కాస్త బిగిసింది. అంతే. చాలామంది పడిపోయాక వస్తారు. మీరు ముందే వచ్చారు కదా, మంచిదే అయింది."

గోడ పట్టుకుని మడమలెత్తడం, ఎత్తు బల్ల మీంచి నెమ్మదిగా లేవడం నేర్పింది. ఇకపై ఇద్దరూ కలిసే రమ్మంది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వరండాలో కసరత్తు సాగేది. "నడుం వంచకే!" అని అతను గురువుగారిలా గదిమేవాడు. "నీ నడుం సూసుకో ముందు!" అని ఆమె విసుక్కునేది. పక్కింటివాళ్లు నవ్వేవారు. పిక్కలేరే రోజుల్లో అలసిపోయి ఆమె కొన్నాళ్లు మానేసింది. మెట్టెక్కుతుంటే కాళ్లు మళ్లీ బరువెక్కాయి. ఎవరూ చెప్పకుండానే తిరిగి మొదలుపెట్టింది.

తర్వాతి చెకప్‌లో చేతులు కట్టుకుని చటుక్కున లేచి నిలబడింది. తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. ఆ రోజు కృపాదానం కుడి మడమ దగ్గర కొంచెం బిగుతు కనబడింది.

"మీ ఆవిడ దగ్గర నేర్చుకోండి," అంది సౌజన్య.

ఆటోలో ఇల్లు చేరేదాకా సువర్ణమ్మ అతన్ని ఆటపట్టిస్తూనే ఉంది.

ఆదివారం ఆమె చర్చిలో నేరుగా ముందుకు నడిచింది. వనజ కళ్లు పెద్దవి చేసింది.

"ఏటే, గాలి అక్కర్లేదా?"

"జరుగే, కాసింత సోటియ్యి!"

పాట మొదలయ్యే వేళ సువర్ణమ్మ ఒక మోకాలు నేలకానించి, రెండో పాదం గట్టిగా మోపి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. ఆ ఉత్సాహంలో పల్లవిని మరీ పై శ్రుతిలో ఎత్తుకుంది. ఆడవాళ్ల గొంతులు అందుకోలేక కీచుమన్నాయి. వనజ మోచేత్తో పొడిచింది. పాస్టరుగారు పుస్తకం వెనక నవ్వు దాచుకున్నారు. మగవాళ్ల వైపు నుంచి కృపాదానం మెడ సాచి చూశాడు. సువర్ణమ్మ మాత్రం శ్రుతి దించలేదు. చరణాలన్నీ అదే ఎత్తులో, గుండె నిండా పాడేసింది.