చాందమ్మ అనే పేరు ఎక్కడిదంటే

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు ఏడో నెల. ఆడపిల్ల పుడితే వాళ్లమ్మ పేరే పెట్టుకోవాలని ఆమె కోరిక. వాళ్లమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అత్తగారి వాళ్లు కాదనలేదట గానీ, ఆ పేరుకు అర్థమేమిటో తెలుసుకోమన్నారట. పిల్లల పేర్లకు అర్థం, పుట్టుక, ఎంతమంది పెట్టుకుంటున్నారో చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, వాటన్నిటిలో వెతికింది. "ఏడ కొట్టినా ఈ పేరు దొరకలేదనే వస్తాంది పెద్దమ్మా. అసలు అమ్మకు గా పేరు ఎవరు పెట్టిండ్రు?" అని అడిగింది. సాయంత్రం చేస్తానని పెట్టేశాను. చెల్లెలి పేరు నోటితో పలికి చాలా రోజులైంది.

చాందమ్మ. అర్థం కష్టమైందేమీ కాదు. చాంద్ అంటే ఉర్దూలో చంద్రుడు, దానికి మన అమ్మ చేరింది. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇది వింత కాదు. దర్గాకు మొక్కుకుని పిల్లలకు పీర్ల పేర్లు పెట్టుకున్న హిందువుల ఇళ్లు మా వాడలోనే ఉండేవి. అయితే మా చెల్లెలిది మొక్కు పేరు కాదు. ఆ పేరు మా ఇంట్లోకి ఒక మధ్యాహ్నం, బస్సు వచ్చే వేళకు, ఎవరూ అనుకోకుండా వచ్చింది.

ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు పదేళ్లు ఉంటాయి. చెల్లెలు పుట్టి రెండు వారాలు దాటింది, పేరు పెట్టే రోజు ఇంకా రాలేదు. ఉన్నట్టుండి పాలు తాగడం మానేసింది. మొదట గుక్కపట్టి ఏడ్చేది. తర్వాత ఏడుపు సన్నబడింది. ఆ పొద్దున ఏడవడం కూడా మానేసింది. ఏడవకపోవడమే అమ్మను భయపెట్టింది. పిల్ల పెదవులు ఎండిపోయి, నడినెత్తి మీద మెత్తటి చోటు గుంటపడింది. "దవాఖానకు తీస్కపోదాం" అని అమ్మ తెల్లవారినప్పటి నుంచి అంటూనే ఉంది. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. దేవరకొండకు ఇక మిగిలింది మధ్యాహ్నం బస్సొక్కటే.

అడ్డం నిలబడింది మా నాయనమ్మ. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ చెడ్డ మనిషి కాదు, ఆ పిల్ల బతకాలని అమ్మ ఎంత కోరుకుందో ఆమె కూడా అంతే కోరుకుంది. కానీ పేరు లేని పసిపిల్లను పొలిమేర దాటించకూడదన్నది ఆమె నమ్మకం. పేరు లేని పిల్లను తోవలో ఎవరు పిలిచినా వాళ్ల వెంట వెళ్లిపోతుందట. పైగా పాలు ముట్టని పిల్ల అంటే ఇంట్లో పోయిన వాళ్లెవరో తిరిగి వచ్చారనీ, తమను గుర్తుపట్టలేదని అలిగారనీ లెక్క. వచ్చిందెవరో గింజలు పట్టి చూడాలి. గిన్నెలో నీళ్లు పోసి, పోయినవాళ్ల పేరు ఒక్కొక్కటే చెబుతూ రెండు వడ్లగింజలను మెల్లగా నీళ్ల మీద వదులుతారు. రెండూ దగ్గరికి జరిగి అంటుకుంటే ఆ పేరు. విడిగా ఉండిపోతే ఇంకో పేరు.

అవ్వ ఇత్తడి గిన్నె ముందు పెట్టుకుని నడవలో కూర్చుంది. అమ్మ పిల్లను గుడ్డలో చుట్టి, చెప్పులు తొడుక్కుని, గడప లోపల నిలబడే ఉంది. మేము బాపు అని పిలిచే మా నాన్న గోడకు ఆనుకుని ఇద్దరి మధ్యా ఎటూ చెప్పలేక ఉన్నాడు. అవ్వ అందరికన్నా ముందు పోయిన వాళ్లతో మొదలుపెట్టింది. తన అత్త పేరు చెప్పింది. గింజలు చెరో అంచుకు పోయి అంటుకున్నాయి. ఆడబిడ్డ పేరు చెప్పింది. అంతే. ఆడవాళ్లు అయిపోయాక మగవాళ్ల వరసకు వచ్చింది. మా ముత్తాత పేరు చెప్పినప్పుడు అంత కంగారులోనూ అమ్మ ఊరుకోలేకపోయింది. "ఆయన బతికున్నప్పుడే పిలిస్తె పలుకకపోతుండె అంటివి గదత్తా, ఇప్పుడు పలుకుతడా" అంది. అవ్వ తల ఎత్తలేదు. తడి గింజలు తీసి పక్కన పెట్టి, కొత్తవి తీసుకుంది. పిల్ల కళ్లు సగం మూసుకుని ఉంది. ఊపిరి తీస్తుందో లేదో అని నేను ఆ గుడ్డ కదలికనే చూస్తున్నాను.

పక్కింటి సాయబు రోడ్డు మీద నిలబడ్డాడు, బస్సు కనబడగానే వచ్చి చెప్పడానికి. ఆయన బట్టలు కుట్టేవాడు. ఆయన భార్య చాంద్‌బీ పోయి అప్పటికి రెండేళ్లో మూడేళ్లో. ఆమె గురించి ఇక్కడ చెప్పాలి. బాపు నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు అవ్వకు విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. అప్పుడు చాంద్‌బీకి చంకలో పిల్ల ఉంది. తన పిల్లతో పాటు బాపుకూ పాలిచ్చి పెంచింది. రెండిళ్ల మధ్య గోడ నడుం ఎత్తే ఉండేది, దాని మీదుగా పిల్లలూ కూర గిన్నెలూ అటూ ఇటూ పోతుండేవట. బాపు పెళ్లిలో ఆ స్నేహం తెగింది. తోటికోడళ్లకు, ఆడబిడ్డలకు అంచు చీరలు పెట్టిన అవ్వ, చాంద్‌బీకి ఒక మామూలు నేత చీర పెట్టింది. చాంద్‌బీ చీర చేతిలో పట్టుకుని "పాలిచ్చినదాన్ని అక్కా, గింతేనా" అంది. పదిమందిలో ఆ మాట అనేసరికి అవ్వకు రోషం వచ్చింది. "పాలకు ధర అడుగుతున్నవా" అంది. అంతే. ఆ తర్వాత గోడ తల ఎత్తు లేచింది. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. చాంద్‌బీ పోయినప్పుడు బాపు వెళ్లి మట్టి వేసి వచ్చాడు. అవ్వ గడప దిగలేదు.

సాయబు వాకిట్లోకి వచ్చాడు. "ఒదినె, బస్సు గుట్ట మలుపుకాడికి వచ్చింది. నేను ఆపమని చెప్త. జెర జల్ది చేయుండ్రి."

అవ్వ దగ్గర పేర్లు అయిపోయాయి. ఆమె చేతిలో ఇంకా రెండు గింజలున్నాయి. అప్పుడు అమ్మ అంది, "ఇంకొక పేరున్నది అత్తా. నీకెర్కే, నాకెర్కే."

"అది మన ఇంటి మనిషి గాదు" అంది అవ్వ.

ఆ మాట సాయబు వినేలాగే అంది. నేను భయంతో ఆయన వైపు చూశాను. ఆయన తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. మాట్లాడింది బాపు. అమ్మకూ అవ్వకూ మధ్య అంతసేపూ నోరు విప్పని మనిషి, "నేను తాగినవి ఎవరి పాలే మరి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

దూరంగా బస్సు హారన్ వినిపించింది. సాయబు అన్నాడు, "పిలిచి చూడు ఒదినె. మాటకు నిలబడే మనిషి అది, బతికున్నన్ని రోజులు నీతోని మాట్లాడలే. పోయినంక గూడ కోపముంటదా?"

అవ్వ గింజలు వదిలింది. "చాంద్‌బీ" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "చాందూ, రావే" అంది. అలా పిలవడం నేను అంతకు ముందు వినలేదు. పిలిచి ఆమె నీళ్లలోకి చూడలేదు. మా ఎవరినీ చూడనివ్వలేదు. గిన్నె రెండు చేతులా ఎత్తి నీళ్లు వాకిట్లోకి పారబోసింది. "కలిసినయ్. పోండ్రి, బస్సు పోతది" అంది.

అమ్మ ఉరికింది. బాపు వెనకాల, వాళ్లకు ముందు సాయబు, బస్సుకు చెయ్యి ఊపుతూ.

ఆ సాయంత్రం అవ్వా నేనూ ఇంట్లో మిగిలాం. ఆమె పొయ్యి ముట్టించలేదు. వాళ్లతో బస్సెక్కిన సాయబు చివరి బస్సుకు ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆయన ఒక్కడే దిగడం చూసి అవ్వ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆయన పరుగులాంటి నడకతో వచ్చి చెప్పాడు. పిల్లకు సెలైన్ ఎక్కిస్తున్నారు, ఇంకొక పూట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ అమ్మను తిట్టిందట. తర్వాత పిల్ల పేరేమిటని అడిగిందట. "మీ కోడలు ఠక్కున చెప్పింది ఒదినె, చాందమ్మ అని. మా ఆమె పేరుకు అమ్మను కలిపింది." అవ్వ "తిన్నవా" అని అడిగింది. ఆయన తినలేదన్నాడు. అప్పుడు లేచి పొయ్యి ముట్టించింది.

గింజలు నిజంగా కలిశాయా అని పెద్దయ్యాక నేను అమ్మను అడిగాను. "నేను చూడలే. పిల్లనే చూస్తున్న" అంది. అవ్వను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్లినాటి ఆ ఒక్క మాటను ఆమె వెనక్కి తీసుకోవాలంటే అంతకన్నా వేరే దారి లేదని నాకు తర్వాత అనిపించింది. అందుకు ఆమె తన నమ్మకాన్నే నీళ్లతో పాటు పారబోసింది.

ఇక ఎంతమంది పెట్టుకున్నారంటే, కొన్నాళ్లు బాగానే పెట్టుకున్నారు. చావు నోట్లోంచి వచ్చిన పిల్ల అని తెలిసి పక్క పల్లెల ఆడవాళ్లు వచ్చి చెల్లెలి తల నిమిరి వెళ్లేవారు. నాలుగైదు ఊర్లలో చాందమ్మలు పుట్టారు. ఎనభైల చివర్లో మా చెల్లెలు బడిలో చేరేసరికి వాళ్ల తరగతిలో ఇంకో చాందమ్మ ఉండేది, ఇద్దరికీ పడేది కాదు. పట్నంలో మతం గొడవలు జరిగిన రోజుల్లో మా బంధువు ఒకాయన, పదో తరగతి సర్టిఫికెట్లో ఆ పేరు పడకముందే మార్చమని సలహా ఇచ్చాడు. అవ్వ మంచంలో ఉంది అప్పటికి. "మారిస్తె రేపు నేను ఎవరిని పిలవాలె?" అని అడిగింది. పేరు మారలేదు. ఆ తర్వాత వెండితెర పేర్లు వచ్చి మిగతా చాందమ్మలు ఆగిపోయారు.

సాయంత్రం ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చెల్లెలి కూతురు ఆ పేరు పెట్టుకుంటుందో లేదో నేను అడగలేదు. ఈ మధ్య మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు నాలో నేనే అవ్వ వరసలో చెప్పుకుంటున్నాను, పాతవాళ్ల నుంచి మొదలుపెట్టి. అవ్వ, సాయబు, బాపు, అమ్మ అయ్యాక చివర చాందమ్మ దగ్గర ఆగిపోతాను. ఎప్పటికైనా ఆమె తర్వాత ఇంకో పేరు వస్తుంది, బహుశా నాదే. చివర ఉన్న పేరును మెల్లగా మధ్యలోకి జరపడమే కాలం చేసే పని కాబోలు.