పై పళ్ళున్న ఎనుము

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడు, వేసవి బదిలీలలో నన్ను ఎమ్మిగనూరు ప్రాంతీయ పశువైద్యశాలకు సహాయ సంచాలకురాలిగా వేశారు. అప్పటికి నాకు సర్వీసు మిగిలింది రెండేళ్ళ పైచిలుకు. అంతకు ముందు చాలా కాలం హాలహర్విలో పశువైద్యురాలిగా, ఆ తర్వాత ఆదోనిలో పనిచేశాను. సహాయ సంచాలకులంటే పర్యవేక్షణ అధికారి. చుట్టుపక్కల మండలాల డాక్టర్ల పని చూడాలి, టీకాల లెక్కలు పైకి పంపాలి. కానీ సిబ్బంది చాలని ఆసుపత్రిలో ఆ హోదా నాకు మధ్యాహ్నం దాటాకే గుర్తుకొచ్చేది. పొద్దున పూటంతా భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చూడి పరీక్షలు చేస్తూ ఉండేదాన్ని.

పశువుల ఆసుపత్రికి పశువు లేకుండా వచ్చేవాళ్ళు మామూలుగా బీమా కాగితాల కోసమో, పురుగుల మందు కోసమో వస్తారు. ఒక రోజు వచ్చిన ఉరుకుందమ్మ రెండింటి కోసమూ రాలేదు. నలభై దాటిన మనిషి. నేత కుటుంబం. భర్త నరసింహులు మగ్గం నేస్తే ఆమె కండెలు చుట్టేది. వరస అయిపోయేదాకా బెంచీ మీద ఓపికగా కూర్చుని, తర్వాత నా దగ్గరికొచ్చి అడిగింది.

"మేడమ్, ఎనుమును లారీలో తోలుకొచ్చేదానికి డాక్టరు పాసు కావాలంట గదా. ఆ ఫీజు ఈడనే కడితే తక్కువయితాదేమో అని వచ్చినాను."

గేదెను మా వైపు ఎనుము అంటారు. ఏ ఎనుము, ఎక్కడుంది అని అడిగితే ఫోను తీసి చూపించింది. మగ్గం మీద పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండటం లేదు. ఎనుమును పెట్టుకుంటే పాలమ్మి ఇల్లు నడపొచ్చని ఆమె ఆలోచన. మొగుడికి చెప్పకుండా ఎనుమును ఇంటి ముందు దింపి ఆశ్చర్యపరచాలని కూడా అనుకుంది. పాతవి కొనీ అమ్మే ఒక వెబ్‌సైటులో ప్రకటన చూసింది. సంత ధరలో సగం ధర. అమ్మేవాడు హైదరాబాదు దగ్గర ఏదో ఫారంలో పెద్ద ఉద్యోగినని, బదిలీ అయింది కాబట్టి చవకగా వదిలేస్తున్నానని చెప్పాడు. ముందు బుకింగ్‌కని డబ్బు అడిగాడు, పంపింది. ఇప్పుడు ఎనుమును లారీ ఎక్కించేశామని, పశువైద్య పాసుకూ బీమాకూ డబ్బు పంపితే లారీ కదులుతుందని, ఆ డబ్బు ఎనుము ఇల్లు చేరగానే వాపసు ఇస్తామని అంటున్నాడు.

"పశువుకు ఆరోగ్య ధ్రువపత్రం అది ఉన్న ఊరి డాక్టరే ఇవ్వాలమ్మా. అదీ కళ్ళారా చూసిన తర్వాతే. ఇక్కడ కూర్చుని హైదరాబాదు ఎనుముకు నేనివ్వలేను" అని చెప్పి, ఫోటోలు పెద్దవి చేసి చూశాను.

మూడో ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఎనుము ఎడమ డొక్క మీద నిలువుగా ఒక మచ్చ. కింది కొసన కొక్కెంలా వంకర తిరిగింది. హాలహర్విలో ఉండగా బసప్ప అనే రైతు దగ్గరున్న, ఇంకా ఈనని పడ్డకు నేను కడుపు ఆపరేషన్ చేశాను. ఇనుప తీగ ముక్కతో పాటు ప్లాస్టిక్ సంచులు ఒక తట్ట నిండా బయటికొచ్చాయి. ఈ ఆపరేషన్‌లో పశువును పడుకోబెట్టం. నిలబెట్టి, ఎడమ డొక్కకు మత్తు సూదులిచ్చి కోస్తాం. కుట్లు చక్కగానే పడ్డాయి. మూడో రోజు కాకి వచ్చి కింది కుట్లు పొడిచి విప్పేసింది. మళ్ళీ కుట్టినప్పుడు చర్మం వంకరగా అతుక్కుంది. ఆ వంకర ఇంకో పశువుకు అచ్చం అట్లాగే ఉండటం కష్టం.

ఇది హైదరాబాదుది కాదు, హాలహర్విది, నేను కోసిన ఎనుమే అన్నాను. ఉరుకుందమ్మ నమ్మలేదు.

"ఎనుములన్నీ ఒకే మాదిరి నల్లగా ఉంటాయి గదా మేడమ్. ఆయప్ప మంచోడు. అక్కా అక్కా అని దినామూ ఫోన్ సేస్తాండాడు."

ఆమె నమ్మాలంటే అతని నోటితోనే చెప్పించాలి. అతనికి ఫోను చేసి, స్పీకర్‌లో పెట్టి, ఎనుముకు పై పళ్ళు ఎన్ని ఉన్నాయో అడగమన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది గానీ అడిగింది.

"అన్నా, ఎనుముకు పై పళ్ళు ఎన్ని ఉండాయి?"

"మీకెందుకక్కా అనుమానం? పైన ఎనిమిది, కింద ఎనిమిది. ఒక్కటి కూడా కదలదు, ముత్యాల్లా ఉంటాయి. పొద్దున నేనే స్వయంగా చూశాను" అన్నాడతను.

మా సహాయకుడు ఖాజా చేతిలో మందు సీసా పెట్టుకుని అటు తిరిగి నవ్వసాగాడు. పశువును కదలకుండా నిలిపే ఇనుప చట్రంలో అప్పుడే ఒక ఎనుము ఉంది. ఉరుకుందమ్మను దాని దగ్గరికి తీసుకెళ్ళాను. ఖాజా దాని మూతి పట్టుకుని పై పెదవి ఎత్తాడు. ఆవుకైనా ఎనుముకైనా ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి. పైన ఉండేవి గట్టి చిగుళ్ళు. గడ్డిని ఆ చిగుళ్ళకు అదిమి కోసుకుంటాయి. మేము వయసు కట్టేది కూడా కింది పళ్ళను చూసే. ఉరుకుందమ్మ వేలు పెట్టి తడిమి చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"అన్నా, పొద్దున నువ్వు సూసింది ఎనుమును గాదు. అద్దంలో నీ మొగమే సూసుకున్నావు."

అటువైపు ఫోను ఆగిపోయింది. పశువులు తోలుకొచ్చిన రైతులతో సహా ఆసుపత్రంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కాసేపటికి బెంచీ మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుకింగ్ పేరుతో పంపిన డబ్బు అప్పుడు గుర్తొచ్చింది.

వెంటనే పోలీసులకు చెప్పాలన్నాను. సైబర్ మోసాలకు ఒక సహాయ నంబరు ఉందని, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోకముందే చెబితే బ్యాంకు ఆపగలదని ఆదోనిలో ఒక సమావేశంలో విని ఉన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పోలీసులంటే మా ఆయనకు తెలుస్తాది. ఆయన తిట్టడు, కొట్టడు. మాట్లాడేది మానేస్తాడు మేడమ్. దానికంటే తిట్టేదే మేలు."

అయినా ఖాజా అక్కడే ఆమె చేత ఆ నంబరుకు ఫోను చేయించాడు. అమ్మేవాడి నంబరు, డబ్బు పంపిన రుజువు, సందేశాలు ఏవీ చెరిపేయకుండా అట్లే ఉంచమన్నాడు. భర్తకు చెప్పడం మాత్రం ఆమెకే వదిలేశాము.

మరుసటి పొద్దున ఇద్దరూ కలిసే వచ్చారు. నరసింహులు సన్నగా, పొడుగ్గా, తల వంచుకుని నడిచే మనిషి. ఆమె ముందు నడుస్తోంది, అతను వెనక. గొడవ జరిగిందేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆమె నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఈయన కత కూడా ఇనండి మేడమ్" అంది.

నరసింహులు కాస్త గొంతు సవరించుకుని చెప్పాడు. "ఇంట్లో పాత జకార్డు పెట్టె ఉండె. ఊరికే పడుండాది అని పోయిన నెల ఫోన్‌లో అమ్మకానికి పెట్టినాను. ఒకాయన బేరం గూడా ఆడకుండా కొంటానన్నాడు. నలుపు గళ్ళ బొమ్మ ఒకటి పంపి, దీన్ని స్కాన్ సేసి పిన్ను కొట్టు, దుడ్డు నీ ఖాతాలో పడతాది అన్నాడు. కొట్టినాను. పడలేదు, పోయింది. ఈమెకు సెప్పలేదు. నిన్న ఈమె ఏడుస్తా సెప్పేసరికి నాకు నవ్వొచ్చింది. నాకు పోయిన దాంట్లో సగం గూడా ఈమెకు పోలేదు."

చీరలో ఎంత చిక్కు బుటా అయినా అట్టలకు కొట్టిన చిల్లులను బట్టి తేల్చేది ఆ జకార్డు పెట్టే. దాన్ని నడిపినవాడు ఒక గళ్ళ బొమ్మ దగ్గర బోల్తా పడ్డానని తనే చెప్పుకుని నవ్వాడు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, పిన్ను కొట్టామంటే డబ్బు పోయేది మన దగ్గర నుంచే అని ఖాజా అతనికి రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఇద్దరూ పోలీసు స్టేషనుకు వెళ్ళి చెరో ఫిర్యాదు ఇచ్చారు. ఉరుకుందమ్మ డబ్బులో కొంత బ్యాంకులో ఆగి ఉంది. చాలా తిరుగుళ్ళ తర్వాత అది వాపసు వచ్చింది. నరసింహులు నెల ఆలస్యంగా చెప్పాడు. అతనిది రాలేదు.

ఇక ఎనుము సంగతి. పశువుల బేరంలో ప్రభుత్వ డాక్టరు మధ్యవర్తిగా ఉండకూడదన్నది నేను మొదటి నుంచీ పాటించిన పద్ధతి. కానీ బసప్పకు అతని ఎనుము ఫోటోలు దొంగతనమయ్యాయని చెప్పాలి కదా. ఫోను చేస్తే అతను మొదట నవ్వాడు, తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఎనుము ఇంకా అతని దొడ్లోనే ఉంది. బోరు ఎండి పచ్చిమేత లేక అమ్మాలనుకున్నాడు. అతని అన్న కొడుకు ఫోటోలు తీసి ఫోన్‌లో అమ్మకానికి పెట్టాడు. "ఎవరెవరో ఫోన్ సేసి గళ్ళ బొమ్మలు పంపి నొక్కు నొక్కు అన్నారు డాక్టరమ్మా. నాకు నొక్కేది రాదు. ఇడిసిపెట్టినాను" అన్నాడు.

ఊరు, పేరు దంపతులకు చెప్పాను. ఆపరేషన్ జరిగిన పశువని, దానివల్ల పాలకూ ఈతకూ లోటేమీ ఉండదని కూడా చెప్పాను. డబ్బు పట్టుకుపోవద్దని, సాయంత్రం ఒకసారి, మరునాడు పొద్దున ఇంకోసారి పక్కన నిలబడి పిండించి చూసుకోమని చెప్పాను. అమ్మేవాళ్ళు కొందరు ఒక పూట పిండకుండా వదిలేసి పొదుగు నింపి చూపిస్తారు. వరసగా రెండు పూటలు చూస్తే ఆ ఎత్తు పారదు.

వాళ్ళు శనివారం సాయంత్రమే హాలహర్వి చేరి బసప్ప ఇంట్లోనే ఉన్నారు. ఆదివారం పొద్దున నేనూ ఆదోని మీదుగా బస్సులో వెళ్ళాను. నా కుట్టును చూసుకోవాలన్న కోరిక తప్ప అక్కడ నాకు పనేమీ లేదు.

"బన్ని, బన్ని డాక్టరమ్మా" అని కన్నడంలో రమ్మంటూ బసప్ప మంచం వాల్చాడు. "కాకి పొడిసినప్పుడు మీరు ఆ కాకిని తిట్టిన తిట్లు మా వీధిలో ఇంకా సెప్పుకుంటారు."

మచ్చ మీద చెయ్యి పెట్టి చూశాను. చర్మం కింద గట్టిదనం లేదు, లోపల బాగా మానింది. ఉరుకుందమ్మ నన్ను పలకరించకుండా ముందు ఎనుము పెదవి ఎత్తి చూసి, తృప్తిగా తల ఊపింది. ప్రకటనలో రాసిన పాలకూ చెంబులో పడిన పాలకూ చాలా తేడా ఉంది. ఆ రాత బసప్పది కాదు, దొంగ కల్పించింది. పూటకు నాలుగు లీటర్లని, ఎండలకు ఇంకొంచెం తగ్గుతుందని బసప్పే చెప్పాడు. బేరం మొదలవగానే నేను లేచి వీధి చివరి టీ కొట్టుకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నరసింహులు పలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎనుము అతన్ని నమ్మనట్టు చూస్తోంది. హాలహర్విలో ఉన్న డాక్టరు సోమవారం చూసి ధ్రువపత్రం ఇచ్చాక దాన్ని ఎమ్మిగనూరు తోలుకొచ్చారు. నేను పదవీ విరమణ చేసే నాటికి ఆ ఇంట్లో రెండు ఎనుములు ఉన్నాయి, మగ్గమూ నడుస్తోంది.

అంతవరకు ఇట్లాంటి మోసాలు తెలియనివాళ్ళకే జరుగుతాయని అనుకునేదాన్ని. ఉరుకుందమ్మ నూలు కొట్లో పైసా వదలని మనిషి. నరసింహులు చిక్కుపడిన పోగును కళ్ళు మూసుకుని విప్పగలడు. వాళ్ళకు లేనిది తెలివి కాదు, పక్కన మనిషి. సంతలో పశువును బేరం చేస్తే అడగనివాడు కూడా వచ్చి, దాని నడక చూడప్పా, ధర ఎక్కువప్పా అని అడ్డం పడతాడు. ఫోన్‌లో బేరం చేసేవాడు ఒక్కడే ఉంటాడు. మోసపోయిన తర్వాత సిగ్గుతో ఇంకా ఒంటరి అవుతాడు. అందుకని మిగిలిన సర్వీసులో రైతుల సమావేశాలకు వెళ్ళినప్పుడు టీకాల గురించి చెప్పాక ఒక మాట కలిపేదాన్ని. డబ్బు పంపేముందు ఇంట్లో ఒకరికి చూపించండి, పోయిందని తెలిస్తే ఆ రోజే చెప్పండి.